మూడు వేళ్ళు

తోతాపురి సీజనంటే మా చిత్తూర్లో నలభై ఐదు దినాలు.
ఆ దినాల్లో ఎవురికీ జరం రాకూడదు,
పురుడు రాకూడదు,
పన్ను అసలే నొప్పెట్టకూడదు.

నాకు నొప్పెట్టింది.
కింది దవడ, కుడిపక్క, చిట్టచివర.
లవంగం పెట్టినా. ఉప్పునీళ్ళు పుక్కిలించినా.
మొగిలమ్మ ముక్కుపొడుం అద్దమనింది, అద్దినా.
బెల్టు మీద కాయలు నిలవవు గదా,
ఒక చేత్తో చెంప పట్టుకోని
ఇంకో చేత్తో తొడిమలు గిల్లినా.

దామోదరం డాక్టరు
(డాక్టరని మేమే అంటాం, ఆయన ఎప్పుడూ అన్లేదు)
సూదేసి, అయిదు దినాలకు మాత్రలిచ్చినాడు.
రెండు దినాలకే తగ్గింది.
మిగిలినవి చీటీలో చుట్టి
సామి పటం ఎనక దాచినా,
ఇంకోసారికి అక్కరకొస్తాయని.
నా తెలివికి నేనే మురిసినా.

నొప్పి పోలేదంట, లోపలికి దిగిందంట.

ఆదివారం తెల్లారి అద్దంలో
నా మొగంలో సగం నాది కాదు.
దవడ కింద గట్టిగా, ఎర్రగా,
చెయ్యి పెడితే పెనం.
నా కొడుకు చూసి నవ్వి, మళ్ళా ఏడ్చినాడు.
గేటు కాడ సూపర్వైజరు
"గవదబిళ్ళలేమో, ఆ పక్క నిలబడు" అన్నాడు.

రాత్రికి ఎంగిలి మింగడం కూడా ఒక పనైపోయింది.
పండుకుంటే ఊపిరాడలే, లేచి కూచున్నా.
మొగిలమ్మ వచ్చి చూసింది.
ఊరంతా వినేటట్లు మాట్లాడే మనిషి
ఒక్క మాట మాట్లాడలే.
ఫోను తీసి నూటెనిమిది నొక్కింది.

చిత్తూరు ఆసుపత్రిలో మెడ తడిమి చూసి
"తిరపతికి, ఇప్పుడే" అన్నారు.
పంటికి అంబులెన్సా!
పూతలపట్టు దాటేదాకా సిగ్గుతో చచ్చినా.
చంద్రగిరి వచ్చేటప్పటికి
సిగ్గు గుర్తు రాలే, గాలి కావాల.

పెద్దాసుపత్రి. రెండు గంటల రాత్రి.
నిద్రమొగం సన్నపిల్ల, తెల్లకోటు,
జడలో వాడిన కనకాంబరాలు.
"అమ్మా, మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకో" అనింది.
ఒకటి కూడా దూరలే.
"పేరు చెప్పు" అనింది.
చెప్పినా.
నోట్లో వేడి సంగటి ముద్ద పెట్టుకోని
ఎవురో నా పేరు పలికినట్టుండాది.
ఆ పిల్ల నడవలే, పరిగెత్తింది.

సెలైను. సూదులు. దవడ కింద కోత.
చీము గిన్నెలోకి దిగింది.
ఫ్యాక్టరీ ఎనక గుంతలో
కుళ్ళిన తొక్కల వాసన నాకు కొత్త కాదు,
అది నాలోనించి రావడమే కొత్త.

తరవాత పన్ను పీకినారు.
ట్రేలో టక్కుమనింది.
ఇంతే ఉండాది. గాలికి రాలే మామిడి పిందంత కూడా లేదు.

రౌండ్సులో పెద్ద డాక్టరు అడిగినాడు,
"ఇన్ని దినాలు ఏం జేస్తాంటివమ్మా?"
"సీజను సార్."
ఆయన ఏదో రాసుకున్నాడు.
సీజనని రాసినాడో, ఇంకేం రాసినాడో.

తొమ్మిది దినాలు.
మెడ కాడ రబ్బరు గొట్టం, దినమూ కట్టు మార్చడం.
సన్నపిల్ల పొద్దున్నే వచ్చి
"వేళ్ళు" అంటాది, అంతే.
ఒకటి.
ఒకటిన్నర.
రెండు పోయిన దినం
ఇద్దరం నవ్వినాం, నాకు సగం మూతే నవ్వింది.
పొయ్యేటప్పుడు మాత్రలు నా చేతిలో లెక్కబెట్టి పోసి
"నొప్పి తగ్గినాక గూడా, కడాకు" అనింది.
ఒకటి కూడా మిగల్చలే.

ఇంటికొచ్చి సామి పటం తుడస్తా ఉంటే
ఆ పాత చీటీ కిందపడింది.
మొగిలమ్మ చటుక్కున ఎత్తుకునింది.
"నాకియ్యి మే, నాకూ పైపన్ను సలపతా ఉంది.
సీజను ఇంకా ఆరు దినాలుండాది."

చీటీ లాక్కోని పైటకొంగులో ముడేసినా.
"కూచో" అన్నా.
"నోరు తెరువు. మూడు వేళ్ళు పెట్టు, చూస్తా."